కరోనా మృతుల లెక్క నమ్మాలా వద్దా? ముందు అది ఏ లెక్కో చూడండి

మీరు ఒకే ప్రశ్నలో మూడు అనుమానాలు కలిపి అడిగారు. మన ప్రభుత్వం కరోనాతో సుమారు 5 లక్షల 33 వేల మంది పోయారంటోంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 47 లక్షలంది, ఎవరిది నిజమన్నది ఒకటి. షుగరుతో, గుండెజబ్బుతో పోయినవాళ్లను కూడా కరోనా ఖాతాలో వేశారట కదా అన్నది రెండోది. 2021 మేలో టెస్టు కూడా చేయించకుండా ఇంట్లోనే పోయిన మీ పెదనాన్నగారు ఏ లెక్కలోకి వస్తారన్నది మూడోది. ఆ మూడోదానికి జవాబు దొరికితే మిగతా రెండూ చాలావరకు తేలిపోతాయి. అందుకే అక్కణ్నుంచి మొదలుపెడతాను.

నేను జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసులో, గణాంకాల సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. కరోనా రెండు వేవ్‌లలోనూ ఆ సీట్లోనే ఉన్నాను.

రోజూ సాయంత్రం టీవీలో వచ్చిన బులెటిన్ అంకెలో మీ పెదనాన్నగారు లేరు. ఉండే వీలే లేదు. ఒక చావు బులెటిన్‌కు ఎక్కాలంటే ముందు ఆ మనిషికి పాజిటివ్ అని ల్యాబ్ నుంచి పోర్టల్‌లో నమోదై ఉండాలి. ఆ తర్వాత ఆసుపత్రి ఆ మరణాన్ని జిల్లాకు పంపాలి. జిల్లాలో డాక్టర్ల కమిటీ కేస్ షీట్ చూసి ఇది కరోనా మరణమే అని తేల్చాలి. అప్పుడు రాష్ట్రం దాన్ని కలుపుతుంది. వీటిలో ఎక్కడ ఆగినా ఆ మనిషి ఆ అంకెలోకి రాడు. పెళ్లికి ఎంతమంది వచ్చారో చదివింపుల పుస్తకం చూసి చెప్పినట్టుంటుంది ఇది. పుస్తకంలో రాసిన పేర్లేవీ దొంగపేర్లు కావు. కానీ భోజనం చేసి వెళ్లినవాళ్లంతా అందులో లేరు.

మీ పెదనాన్నగారు ఉండే పుస్తకం వేరే ఉంది, అది జనన మరణాల రిజిస్టర్. 1969 చట్టం ప్రకారం ఎవరు చనిపోయినా, ఎందుకు చనిపోయినా, 21 రోజుల్లోపు రాయించాలి. పల్లెలో పంచాయతీ కార్యదర్శి రాస్తాడు, పట్నంలో మున్సిపాలిటీ రాస్తుంది. ఈ పుస్తకం గొప్పదనమేమిటంటే దీనికి టెస్టు అక్కర్లేదు. ఇంకో గొప్పదనం, జనమే వెతుక్కుంటూ వచ్చి రాయించుకుంటారు. బ్యాంకులో డబ్బు తీసుకోవాలన్నా, వితంతు పింఛను రావాలన్నా, పొలం పిల్లల పేరు మీదకు మారాలన్నా, ఎల్ఐసీ క్లెయిమ్ చేసుకోవాలన్నా డెత్ సర్టిఫికెట్ లేకుండా పని జరగదు. అందుకే ఒక రాష్ట్రంలో నిజంగా ఏం జరిగిందో తెలియాలంటే నేను బులెటిన్ చూడను, ఈ రిజిస్టర్ చూస్తాను.

చూస్తే ఏం కనిపిస్తుంది? ఆంధ్రప్రదేశ్‌లో మామూలు ఏళ్లలో మే నెలకు సుమారు 27 వేల మరణాలు రిజిస్టరయ్యేవి. 2021 మేలో అవి సుమారు లక్షా 30 వేలు. అదే నెలలో రాష్ట్ర బులెటిన్‌లో చేరిన కరోనా మరణాలు 3 వేలకు అటూ ఇటూ. పాత నెలలవి ఆలస్యంగా రాయించినవి కొన్ని కలిసి ఉంటాయనుకుందాం. ఎన్ని కలిసినా ఇంత తేడా పూడదు. ఒక్క నెలలో లక్ష మంది అదనంగా ఎందుకు పోయారో చెప్పడానికి ఆ నెలలో మనకు పెద్ద తుపాను రాలేదు, భూకంపం రాలేదు.

ఇక రెండో అనుమానానికి వస్తాను. ఇది ఎక్కువమందిని తప్పుదోవ పట్టించింది, అందుకని కాస్త నిదానంగా చెబుతాను.

ఆసుపత్రిలో ఎవరైనా పోతే డాక్టరు ఫారం 4 అనే కాగితం నింపాలి. అందులో మొదటి భాగంలో ఒకదాని కింద ఒకటి గీతలుంటాయి. పై గీత మీద మనిషి చివరికి దేనివల్ల పోయాడో రాస్తారు. ఉదాహరణకు ఏఆర్‌డీఎస్, అంటే ఊపిరితిత్తులు పనిచేయకపోవడం. దాని కింద, అది దేనివల్ల వచ్చింది? న్యుమోనియా. దాని కింద, ఆ న్యుమోనియా దేనివల్ల? కోవిడ్. గణాంకాలకు కావలసింది అన్నిటికంటే కింది గీత, అసలు మొదలైన కారణం. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు లాంటివి ఉంటే రెండో భాగంలో రాస్తారు. అవి పరిస్థితిని దిగజార్చినవే కానీ ఈ గొలుసును మొదలుపెట్టినవి కావు. 2020లోనే దేశ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ ఈ సంగతి విడమరిచి గైడ్‌లైన్స్ ఇచ్చింది.

పదేళ్లుగా షుగరుకు మాత్రలు వేసుకుంటూ ఆఫీసుకు వెళ్లి వస్తున్న మనిషి కరోనా సోకిన రెండు వారాల్లో పోతే, ఆయన షుగరుతో పోయాడంటామా? అయినా తెలంగాణ బులెటిన్‌లో నెలల తరబడి ఒక లైన్ వచ్చేది గుర్తుందా? మృతుల్లో కోవిడ్ వల్ల పోయినవారు 44.96 శాతం, ఇతర జబ్బుల వల్ల పోయినవారు 55.04 శాతం అని. మొత్తం అంకె మారుతున్నా చాలాకాలం ఆ శాతాలు పాయింటు తర్వాతి అంకెలతో సహా కదల్లేదు. లెక్కలు తెలిసినవాడు ఎవడైనా దాన్ని చూసి నవ్వుకున్నాడు. జనానికి మాత్రం దానివల్ల నాటుకున్నది ఒక్కటే, 'సగం మంది కరోనాతో పోలేదట' అని.

అమెరికాలో కూడా ఇదే గొడవ జరిగింది. 2020 ఆగస్టులో అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్కల్లో, సర్టిఫికెట్ మీద కోవిడ్ ఒక్కటే రాసి ఉన్నవి 6 శాతం అని ఉంటే, 'అసలు కరోనా మృతులు 6 శాతమే' అని ప్రచారం చేశారు. మిగతా 94 శాతం సర్టిఫికెట్లలో చాలావాటి మీద కోవిడ్‌తో పాటు ఉన్నవి న్యుమోనియా, శ్వాస వైఫల్యం. అంటే కరోనా చంపే పద్ధతే అది. ఒక్క కారణం మాత్రమే రాసి వదిలేసిన సర్టిఫికెట్ నిజానికి సరిగ్గా నింపనిది.

మన దగ్గర పొరపాటు ఎక్కువగా దీనికి ఎదురు వైపు, అంటే తక్కువ లెక్కపెట్టే వైపు జరిగింది. 2021 మేలో మా దగ్గరకు ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక ఫారం 4 చెబుతాను, ఊరూ పేరూ వద్దు. పై గీత మీద 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్'. కింది గీతలు ఖాళీ. వెనక పిన్ను కొట్టిన స్కానింగ్ రిపోర్టులో కోరాడ్స్ 5, అంటే కరోనా అనే అనుమానం గట్టిగా ఉన్నట్టు. ఆర్టీపీసీఆర్ నెగటివ్. గుండె, ఊపిరి ఆగిపోవడం చావుకు కారణం కాదు, చావంటేనే అది. అలా రాయొద్దని గైడ్‌లైన్స్ మొత్తుకుంటాయి. వివరం అడుగుతూ కాగితం వెనక్కి పంపాం. ఆ రోజుల్లో వరండాలో కూడా మంచాలు వేసుకున్న ఆసుపత్రిలో దానికి జవాబు రాసే తీరిక ఎవరికుంటుంది? చివరికది 'తీవ్ర శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్' పద్దులో పడింది. కావాలని ఎవరూ దాచలేదు, అయినా ఒక మనిషి కరోనా లెక్కలోంచి జారిపోయాడు. అలాంటివి గుట్టలుగా ఉండేవి.

కావాలని చేసినవి లేవని కాదు. ఏ ఊళ్లో కేసులు పెరిగితే ఆ ఊరి అధికారికి మెమో వస్తుందన్న టెన్షన్ ఉన్నప్పుడు, అనుమానం ఉన్న కేసు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. 2020లో మృతదేహాల నుంచి శాంపిల్ తీయొద్దని తెలంగాణ ప్రజారోగ్య శాఖ ఉత్తర్వు ఇస్తే, హైకోర్టు తప్పుబట్టి పరీక్షలు చేయాలంది, సుప్రీం కోర్టు దాని మీద స్టే ఇచ్చింది. పోయాక టెస్టు చేయకపోతే ఆ మరణం బులెటిన్‌కు ఎలా ఎక్కుతుంది?

ఇందులో జనం పాత్ర కూడా ఉంది, అది ఎవరూ మాట్లాడరు. మొదటి వేవ్‌లో కరోనా అని రాస్తే శవాన్ని ఇంటికి ఇచ్చేవారు కాదు, సంచిలో చుట్టి నేరుగా శ్మశానానికి తీసుకుపోయేవారు, పెద్ద కర్మకు చుట్టాలు కూడా వచ్చేవాళ్లు కాదు. 'డాక్టరుగారూ, కరోనా అని మాత్రం రాయకండి' అని కాళ్లావేళ్లా పడినవాళ్లున్నారు. 2021 అక్టోబరులో సుప్రీం కోర్టు ఒక్కో మరణానికి 50 వేల పరిహారం ఖరారు చేశాక, అలాంటి ఇళ్లవాళ్లే కరోనా అని రాయించే కాగితం కోసం కలెక్టరేట్ చుట్టూ తిరిగారు. ఎవర్నీ తప్పుపట్టను. అప్పటి బాధ అది, తర్వాతి అవసరం ఇది.

ఆ పరిహారమే బులెటిన్ గుట్టు బయటపెట్టింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు పోతే, ఆసుపత్రి బయట పోయినా సరే కరోనా మరణమే అని కేంద్రం 2021 సెప్టెంబరులో రూలు మార్చింది. 2022 జనవరికి రాష్ట్రాలు సుప్రీం కోర్టుకు ఇచ్చిన అంకెలు చూడండి. తెలంగాణలో అధికారిక మరణాలు 3,993, పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు 28,969, అప్పటికే డబ్బు అందినవాళ్లు 12 వేలకు పైగా. ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు 14,471 అయితే దరఖాస్తులు 36 వేలకు పైనే. గుజరాత్ సంగతి అన్నిటికంటే విచిత్రం. అధికారికంగా 10,094 మంది పోయారు, మంజూరు చేసిన పరిహారాలు 68,370. ఒక చేత్తో పదివేలని రాసి ఇంకో చేత్తో అరవై ఎనిమిది వేల మందికి మంజూరు చేసింది ఒకే ప్రభుత్వం. దరఖాస్తుల్లో బోగస్‌వి ఉంటాయి, ఉన్నాయి కూడా. అందుకే నేను వచ్చినవి కాకుండా మంజూరైనవి, డబ్బు అందినవి చూడమంటాను.

ఇక దేశం మొత్తం లెక్క. ఇక్కడ ప్రభుత్వం చెప్పిన మాటలో సగం నిజముంది, దాన్ని కొట్టిపారేయకండి. దేశంలో రిజిస్టరైన మరణాలు 2019లో 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు. పెరిగింది 4.8 లక్షలు. ఇది కరోనా వల్లే అని కొందరు ఎగిరిపడ్డారు. కానీ 2018లో 69.5 లక్షలుండేవి. అంటే ఏ కరోనా లేని 2019లోనే దాదాపు 7 లక్షలు పెరిగాయి. ఎందుకంటే రాయించుకునే అలవాటు ఏటా పెరుగుతోంది. పైగా 2020లో లాక్‌డౌన్‌తో ఆఫీసులు మూతపడ్డాయి, రోడ్డు ప్రమాద మరణాలు లక్షా 51 వేల నుంచి లక్షా 32 వేలకు తగ్గాయి. కాబట్టి ఒక్క 2020 అంకె చూపించి ఏదీ రుజువు చేయలేం.

2021 అలా కాదు. ఆ ఏడాది రిజిస్టరైన మరణాలు కోటీ 2 లక్షలు. ఈ రిపోర్టు 2025 మేలో గానీ బయటికి రాలేదు, అంత ఆలస్యం ఎందుకో అడగాల్సిన ప్రశ్నే. ఒక్క ఏడాదిలో పెరిగింది 21 లక్షలు. రాయించుకునే అలవాటు పెరగడం వల్లే 7 లక్షలు పెరిగాయని ఉదారంగా తీసేద్దాం. అయినా 14 లక్షలు మిగులుతాయి. 2021లో బులెటిన్‌కు ఎక్కిన కరోనా మరణాలు సుమారు 3 లక్షల 32 వేలు. అంటే ప్రభుత్వ రిజిస్టరే ప్రభుత్వ బులెటిన్‌కు నాలుగు రెట్లు చెబుతోంది. దీనికి ఏ విదేశీ మోడల్ అక్కర్లేదు, నాలుగో తరగతి కూడికలు తీసివేతలు చాలు.

ఇంకో అంకె ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. డాక్టరు రాసిన కారణం ఉన్న మరణాలను, దేశమంతటి జనన మరణాల లెక్కలు చూసే రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసు విడిగా ప్రచురిస్తుంది. 2021లో రిజిస్టరైన మరణాల్లో డాక్టరు సర్టిఫై చేసినవి 23.4 శాతమే. ఆ నాలుగోవంతులోనే కోవిడ్ అని రాసినవి 4,13,580. గమనించారా? దేశంలో పోయినవాళ్లలో నలుగురిలో ముగ్గురికి ఏ డాక్టరూ కారణం రాయలేదు, మిగిలిన ఒక్కరిలోంచే బులెటిన్‌ను మించిన కరోనా మరణాలు తేలాయి.

మరి 47 లక్షలు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో చెప్పింది కరోనా మరణాల సంఖ్య కాదు, 2020, 2021 రెండేళ్లలో మామూలుగా పోవలసిన వాళ్లకంటే ఎంతమంది ఎక్కువ పోయారన్న అంచనా. డయాలసిస్ దొరక్క పోయినవాళ్లు, మంచం దొరక్క కాన్పులో పోయినవాళ్లు కూడా అందులో వస్తారు. రోడ్డు ప్రమాదాలు తగ్గడం వల్ల నిలిచిన ప్రాణాలు అందులోంచి తగ్గుతాయి. మన దేశానికి కేంద్రం అంకెలు అందకపోతే 17 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల నుంచి దొరికిన వివరాలు పట్టుకుని, మిగతాదానికి మోడల్ వాడారు. కేంద్రం గట్టిగా అభ్యంతరం చెప్పింది. మోడల్‌కు హెచ్చుతగ్గులు పెద్దవే, ఆ మాట ఆ సంస్థే చెప్పుకుంది. నా ఉద్దేశం అడిగితే, 47 లక్షలను ఒట్టేసి చెప్పడం తప్పు, 5 లక్షలను ఒట్టేసి చెప్పడం అంతకంటే పెద్ద తప్పు. రిజిస్టర్ నుంచి తేలే 14 లక్షలు కనీసపు అంకె, అదీ ఒక్క 2021కే. రాయించుకోనివాళ్లు ఎక్కువగా ఉండే బిహార్, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల దాని పైన ఎంత కలపాలన్న దగ్గరే నిపుణుల మధ్య తేడా. ఇంకో పద్ధతిలో లెక్కవేసి 2022 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన అంచనా 2021 జూలై వరకు సుమారు 32 లక్షలు.

ఇది మన దేశపు జబ్బే అనుకోకండి. పెరూ దేశం 2021 మే 31న తన మృతుల సంఖ్యను 69 వేల నుంచి లక్షా 80 వేలకు సవరించుకుంది, ఒక్క పూటలో. ఇంగ్లండులో ఉల్టా జరిగింది. ఒకసారి పాజిటివ్ వచ్చి కోలుకున్నవాడు ఆ తర్వాత ఎప్పుడు దేనితో పోయినా కరోనా ఖాతాలోకే వచ్చేవాడు. 2020 ఆగస్టులో 28 రోజుల గడువు పెట్టేసరికి మొత్తం 5 వేలకు పైగా తగ్గింది. అంటే ఎక్కువ లెక్కపెట్టారన్న అనుమానం అక్కడ కొంతమేరకు నిజమే. మన దగ్గర మాత్రం దాన్ని నిలబెట్టే అంకె నాకు ఒక్కటీ కనపడలేదు. మన బిహార్ కూడా పెరూలాగే 2021 జూన్‌లో హైకోర్టు అడిగాక 5,424ను 9,375 చేసింది.

గ్రూప్స్‌కు చదివినవాళ్లకు 1921 'మహా విభాజక సంవత్సరం' అని గుర్తుండే ఉంటుంది. అదో బిట్ ప్రశ్న. దాని వెనకున్నది 1918 ఇన్‌ఫ్లుయెంజా. అప్పటి బ్రిటిష్ శానిటరీ అధికారుల మొదటి అంచనా 60 లక్షలు. 1921 జనాభా లెక్కలు తీసి చూస్తే దేశ జనాభా పదేళ్ల కిందటి 25.21 కోట్ల నుంచి 25.13 కోట్లకు తగ్గిపోయి కనిపించింది. తర్వాత పరిశోధకులు మళ్లీ లెక్కకట్టి కోటీ 20 లక్షల నుంచి కోటీ 80 లక్షల దాకా తేల్చారు. ఆ రోజుల్లో అసలు సంగతి జనగణన పట్టించింది. మన 2021 జనగణన జరగనే లేదు, 2027కు వెళ్లింది. సరిచూసుకోవడానికి ఉన్న ఆ దారి కూడా ఇన్నాళ్లు మూసుకుపోయింది.

ఇక మీ పెదనాన్నగారి డెత్ సర్టిఫికెట్ విషయం. కారణం రాయలేదు, దాచారు అని రాశారు. అది దాచడం కాదు. రిజిస్ట్రార్ ఇచ్చే సర్టిఫికెట్ మీద చావుకు కారణం చూపకూడదని 1969 చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది. ఎయిడ్స్‌తో పోయినా, ఆత్మహత్య చేసుకున్నా ఆ కాగితం ఒకేలా ఉంటుంది. కారణం ఉండేది డాక్టరు ఇచ్చే ఫారంలో. ఇంట్లో పోతే అప్పటిదాకా వైద్యం చేసిన డాక్టరు ఫారం 4ఏ ఇవ్వాలి, మన పల్లెల్లో అది దాదాపు ఎవరూ ఇవ్వరు. 2023 సవరణతో కారణం రాసిన కాగితం కాపీ దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలన్న నిబంధన వచ్చింది, 2021లో పోయినవాళ్లకు దాంతో ఉపయోగం లేదు. పరిహారం మీద ఆశ పెట్టుకోకండి. దరఖాస్తుల గడువు 2022లోనే ముగిసింది, పైగా టెస్టుగానీ ఆసుపత్రి రికార్డుగానీ లేకపోతే అప్పుడైనా ఇచ్చేవారు కాదు.

చేయగలిగింది ఒకటుంది. ఆయన పేరు రిజిస్టర్‌లో ఉందో లేదో పంచాయతీలోగానీ గ్రామ సచివాలయంలోగానీ కనుక్కోండి. లేకపోతే ఇప్పటికైనా రాయించవచ్చు, ఏడాది దాటింది కాబట్టి ఆర్డీవో ఉత్తర్వు కావాలి. ఉంటే, చనిపోయిన తేదీ సరిచూడండి. ఆ రోజుల్లో కాగితం ఇచ్చిన తేదీనే చనిపోయిన తేదీగా ఎక్కించిన కేసులు చూశాను. అలా పడితే మేలో పోయిన మనిషి జూన్ లెక్కలోకి వెళ్లిపోతారు. ఆధారం చూపిస్తే రిజిస్ట్రారే సరిదిద్దుతాడు.